కువైటామె సముద్రం

ప్రొద్దుటూరులో బంగారం దొరుకుతుంది, మగ్గం చీర దొరుకుతుంది, నోరు మండే కారం దోసె దొరుకుతుంది. సముద్రం దొరకదు. ఆ సంగతి తెలిసి కూడా నట్టింట్లో సముద్రాన్ని పెట్టుకుని బతికిన మనిషి ఒకామె మా ఊళ్లో ఉండేది. ఆమె పోయి నలభై నాళ్లవుతోందని, ఆనాటి ప్రార్థనకు రమ్మని మొన్న ఆమె కూతురు ఫోన్ చేసింది.

"శుక్రవారం ఫాతెహా అన్నా. పొద్దున్నే రావల్ల. వస్తా వస్తా నీ పానాల సంచి గూడా తెచ్చుకో. నీ మిషన్ మళ్లా గురగుర అంటాంది. అది యాపొద్దు బాగుండింది గనక!"

నేను ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసేవాణ్ని. నా పనికి వంకపెడితే ఊరుకునే రకం కాదు. వంకపెట్టినవాడు ఇంకో మెకానిక్‌ను వెతుక్కోవాల్సిందేనని ఊళ్లో చాలామందికి తెలుసు. "మా ఇంటాయనకు ముక్కు మీద కోపం కాదు, ముక్కే కోపం" అంటుంది నా భార్య. అలాంటివాణ్ని, ఈ పిల్ల ఏళ్ల తరబడి తిడుతుంటే తల వంచుకుని పడ్డాను. ఎందుకు పడ్డానో చెప్పాలంటే వాళ్లమ్మ సంగతి చెప్పాలి.

వాళ్లమ్మను వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. 'కువైటామె' అనేవాళ్లు. మా జిల్లాలో కువైట్‌కు పోయి ఇళ్లలో పనిచేసి వచ్చిన ఆడవాళ్లు వీధికి కొందరుంటారు. వచ్చేటప్పుడు మందపాటి దుప్పట్లు తెస్తారు, అత్తరు తెస్తారు, పిల్లలకు చాక్లెట్లు తెస్తారు. ఈమె ఉప్పు తెచ్చింది. నీళ్లలో కలిపితే సముద్రపు నీళ్లయ్యే ఉప్పు. "ఎడారి నుంచి ఉప్పు మోసుకొచ్చిందంట" అని వీధంతా నవ్వుకుంది. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వులో ముందుపళ్ల మధ్య సందు కనిపించేది, సన్నటి ముఖం ఒక్కసారిగా చిన్నపిల్ల ముఖం అయిపోయేది.

నేను ఆమెను మొదట చూసింది నా అంగట్లోనే. మే నెల, రోడ్డు మీద తారు చెప్పుకు అంటుకునే ఎండ. నెత్తిమీద కొంగు, దారంతో చెవులకు కట్టుకున్న కళ్లద్దాలు, ఆటోలో ఒక ఇనుప పెట్టె. దించమని ఆటోవాడికి చెప్పి నా ముందు నిలబడింది.

"ఇది నీళ్లను సల్లబెట్టే మిషనప్పా. గాలి రావడం లేదు, నీళ్లు సల్లబడ్డం లేదు. బిన్నా బాగుచేసి ఇయ్యల్ల."

"ఎంతమంది తాగుతారక్కా ఈ నీళ్లు?"

"తాగరు. ఈతగొడతారు."

నాకు ఎగతాళి చేస్తోందేమో అనిపించింది. విప్పి చూస్తే లోపల కాయిల్ పాడైపోయింది. ఇదేం బ్రహ్మవిద్య, రాగి గొట్టం చుట్టి పడేస్తే సరి అని గొట్టం చేతికి తీసుకున్నాను. ఆమె చటుక్కున లాక్కుంది.

"రాగి వద్దప్పా. ఉప్పునీళ్లలో రాగి కరుగుతాది. అది విషం."

"విషమా! మా ఇంట్లో పొద్దున లేస్తానే రాగిచెంబులో నీళ్లే తాగుతాం. ఒంటికి శానా మంచిది. నాకు చెప్పొచ్చినావు!"

"మనకు మంచిదయితే వాటికీ మంచిది కావల్లని యాడుండాదప్పా?"

కోపం నషాళానికి అంటింది. ఈ గొట్టాలతోనే ఇల్లు కట్టినవాణ్ని నేను. అయితే ఆమె గొంతులో గీర లేదు. "ఒకసారి ఇంటికొచ్చి చూడు, తర్వాత నీ ఇష్టం" అంది. ఎండలో ఆమె ముఖం వాడిపోయి ఉంది. ఏమైతే అయిందని వెంట పోయాను.

చిన్న ఇల్లు. నడింట్లో నడుమెత్తు అల్మారా మీద అద్దాల పెట్టె. దాని నీళ్ల మీద ఐసు గడ్డలు నింపిన పాల ప్యాకెట్లు తేలుతున్నాయి. మిషన్ చెడినప్పటి నుంచి పక్కింటి ఫ్రిజ్జులో గడ్డ కట్టించి తెచ్చి మారుస్తోందట. లోపల రాళ్ల మీద ఒక పువ్వు ఊగుతోంది. పువ్వు కాదు, అది కూడా ప్రాణమే అంది. ఆ పువ్వు రేకుల మధ్య నారింజ రంగు చేపల జంట ఒకటి, తెల్ల పట్టీలు కట్టుకుని, పందిట్లో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ మాదిరి కూర్చుంది. "చేపలన్నా రోంత తట్టుకుంటాయప్పా. రాగి తగిలితే ముందు పోయేది ఈ పువ్వు. పువ్వు పోతే ఈ జంటకు ఇల్లు పోయినట్లే" అంది. నేను రాగి గొట్టం మాట మళ్లీ ఎత్తలేదు. ఉప్పుకు కరగని లోహంతో చేసిన కాయిల్ బెంగళూరు నుంచి తెప్పించాను. అది వచ్చేదాకా ఐసు ప్యాకెట్లు మా ఇంటి ఫ్రిజ్జులో కూడా గడ్డకట్టాయి. నా భార్య నన్ను ఎన్ని అందో ఇక్కడ రాయడం బాగుండదు.

అలా మొదలయ్యాయి నా రాకపోకలు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఆ పెట్టెకు సరిపోవాలి, ఎండాకాలం నీళ్లు వేడెక్కకూడదు, అలలు పుట్టించే ఫ్యాన్లు రెండూ ఆగకూడదు. ఏదో ఒక నెపం ఉండేది. నిజం చెప్పాలంటే నాకు అక్కడ కూర్చోవడం ఇష్టం. ఆమె దగ్గర ఎప్పుడూ వెల్లుల్లి వాసన వచ్చేది. తిండికి మారాం చేసే చేపకు మేతను వెల్లుల్లి రసంలో నానబెట్టి వేసేది. అద్దం మీద ఎవరన్నా వేలితో టకటకమనిపిస్తే ఆ చేతి మీద ఒక్కటి అంటించేది, పెద్దా చిన్నా చూడకుండా. ఏదన్నా చూపించాలంటే నోటితో చెప్పదు. చూపుడువేలు కంటి కింద పెట్టుకుంటుంది. 'మాట్లాడొద్దు, చూడు' అని దానర్థం.

అలా చూడటం నేర్పింది నాకు. పసుపుపచ్చ చేప ఒకటుండేది, అరచేయంత, పలక మాదిరి పలచగా. దానికి ఎదురు అల కావాలి, ఈదడానికి పొడుగు కావాలి, రోజంతా ఆకు కావాలి. ఎండిన సముద్రపు ఆకును క్లిప్పుతో అద్దానికి తగిలిస్తే మేస్తూనే ఉండేది. ఆమె దాన్ని 'బక్రీ' అని పిలిచేది, మేక అని. ఇంకోటి పొద్దుగూకితే ఇసుకలో దూరి ముసుగు తన్నేది. దాని కోసం మెత్తని ఇసుక లోతుగా పరిచింది. ముందుభాగం వంకాయ రంగు, వెనకభాగం పసుపు ఉన్న పిరికిది ఒకటి. దాని పేరు 'గోషా బీబీ'. ఎప్పుడూ రాతి సందులోనే. మొదట్లో లైటు టక్కున వేస్తే అది అదిరిపోయి అద్దానికి గుద్దుకునేదట. తర్వాత కొత్తరకం లైట్లు వచ్చాయి. పొద్దు పొడిచినట్లు ముందు నీలంగా, మెల్లగా తెల్లగా, సాయంత్రం మళ్లీ మసకగా. ఆ మసకలో బీబీగారు బయటికొచ్చి షికారు చేసేది.

మాది గొర్రెలు కాసుకుని బతికిన కుటుంబం. చిలమకూరు పక్క గుట్టల్లో మా నాయన మంద తోలేవాడు. బక్రీని చూసి నేను, "మా నాయన ఒక మాట అంటాండెక్కా. గొర్రె తలొంచి మేస్తాది, మేక తలెత్తి మేస్తాది, రెండిట్నీ కలిపి తోలొచ్చు గానీ ఒగే మాదిరి మేపలేం అని" అన్నాను. ఆమెకు ఆ మాట ఎంత నచ్చిందంటే, తర్వాత ఆ పెట్టె చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ దాన్ని తన మాట మాదిరి చెప్పేసేది. నేను పక్కనుంటే నా వైపు చూసి, "ఈయప్ప వాళ్ల నాయన చెప్పింది" అని మాత్రం కలిపేది.

కువైట్‌లో ఆమె పనిచేసిన ఇంట్లో గోడంత అద్దాల సముద్రం ఉండేదట. దాన్ని తుడిచే పని ఈమెకు పడింది. "మొదట్లో అన్నిటికీ ఒగే నీళ్లు, ఒగే దీపం, ఒగే మేత. వారానికి ఒగటి సస్తాండె. సచ్చింది తీసి పారేసి కొత్తది తెస్తాండ్రి. చేపంటే సచ్చేదేలే అనుకుంటాండ్రి అందరూ. మల్ల చేపల అంగడి నుంచి వచ్చే మలయాళీ అబ్బాయి ఒకడు కొత్త మిషన్లు తెచ్చినాడు. దేనికి ఏం కావల్లో చూసి పెట్టేది నేర్చినాడు, నాకూ నేర్పినాడు. అంతే, సావులు ఆగిపోయినాయి. అంటే ఇన్నాళ్లూ అవి సచ్చింది వాటి తప్పు కాదు గదప్పా?" అని నన్నే అడిగింది. చెప్పడం అయ్యాక మళ్లీ అద్దం తుడవడం మొదలుపెట్టింది.

అప్పటికి నాకు ఆమె కూతురి సంగతి కొంచెం తెలుసు. మొగుడు పోతే పాలు మరవని బిడ్డను జమ్మలమడుగులో అక్క చేతిలో పెట్టి విమానం ఎక్కింది. బిడ్డ బాగుండాలనే ఎక్కింది. గొలుసు పంపింది, గౌన్లు పంపింది, పట్టుకుంటే మాట్లాడే బొమ్మ పంపింది. బొమ్మను చూసి బిడ్డ జడుసుకుని ఏడ్చిందని అక్క ఫోన్లో చెప్పిందట. తిరిగొచ్చేసరికి ఆ బిడ్డ పెళ్లీడు పిల్ల. గడపలో ఈమెను చూసి పెద్దమ్మ కొంగు వెనక్కి పోయి నిలబడింది. పెద్దమ్మనే 'అమ్మీ' అని పిలిచేది. ఈమెను దేనితోనూ పిలిచేది కాదు. ఎవరితోనన్నా చెప్పాల్సొస్తే 'ఆమె' అనేది.

పెళ్లయి పులివెందులకు పోయాక కూడా అంతే. పండక్కి ప్రొద్దుటూరు వచ్చేది, ముఖం చూపించేది, పొద్దుగూకకముందే బస్సెక్కేది. తల్లి ఇంట్లో ఒక్క రాత్రి నిద్ర చేసింది లేదు. లోపలి గదిలో మంచం మీద కువైట్ దుప్పటి పరిచి ఉంచేది ఈమె. ఆ దుప్పటి మడత విప్పకుండానే పాతబడింది. ఆమె బతుకులో కావాలని కోరుకున్నది నాకు తెలిసి ఆ ఒక్కటే: ఆ పిల్ల వచ్చి ఆ దుప్పటి కప్పుకుని పడుకోవడం.

పులివెందులలో ఒక ఆస్పత్రి ఏసీలు నేను చూసేవాణ్ని. పోయేటప్పుడు అప్పుడప్పుడూ ఆమెను నా వ్యానులో ఎక్కించుకునేవాణ్ని. ఒకసారి నా పని తొందరగా అయిపోయి కూతురింటికి పోయాను. ఈమె వరండాలో తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఉంది. లోపల కూతురు కుట్టుమిషన్ తొక్కుతోంది. ఇద్దరి మధ్యా తలుపు తెరిచే ఉంది. టీ తాగిన గ్లాసు కింద పెట్టి ఉంది. అంతే, ఆ పూటకి అదే మాట్లాడుకోవడం.

వ్యాను ఎక్కాక నాకు ఆగలేదు. "లోపలికి పోయి కూచోరాదా అక్కా? నీ బిడ్డ ఇల్లే గదా? పరాయి మనిషి మాదిరి ఆ బయట ఏంది?"

ఆమె కిటికీలోంచి చూస్తూ అంది: "కొత్త చేపను తెస్తానే పాతవాటి మధ్య ఇడుస్తామా అప్పా?"

విడవరు. అది నాకూ తెలుసు. గోషా బీబీని తెచ్చినప్పుడు చూశాను. ముందు సెలైన్ గొట్టంతో, ఆస్పత్రిలో ఎక్కించేదే, పెట్టెలోని నీళ్లను చేప వచ్చిన సంచి నీళ్లలోకి బొట్టుబొట్టుగా దించింది. తర్వాత చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆ డబ్బాను అద్దాల పెట్టెలోనే వేలాడదీసింది. పాతవి వచ్చి డబ్బాను పొడుస్తాయి, చుట్టూ తిరుగుతాయి, కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేస్తాయి. అప్పుడు మూత తీస్తారు. 'ముందు చూసుకోనీ, తర్వాత కలుస్తాయిలే' అనేది. ఆ వరండా కుర్చీ ఆమెకు చిల్లుల డబ్బా అని నాకు అప్పుడు అర్థమైంది.  

ఇక అసలు సంగతి. ఆమెకు పిత్తాశయంలో రాళ్లని ఆపరేషన్ పడింది. ఊళ్లోనే ఆస్పత్రిలో చేరింది. చేపలకు మేత వేసేదెవరు? నేను వేస్తానన్నాను. ఎవరు చెప్పారో ఏమో, పులివెందుల నుంచి కూతురు దిగింది, చిన్నదాన్ని చంకనేసుకుని. "నేనుంటా" అంది. పగలు ఆస్పత్రి, రాత్రి ఈ ఇల్లు. దుప్పటి మడత విప్పింది. ఆస్పత్రి మంచం మీద ఆ మాట విని కువైటామె కళ్లు మూసుకుంది. నేను పక్కనే ఉన్నాను. చెంప మీదుగా నీళ్లు చెవిలోకి పోతున్నాయి, తుడుచుకోలేదు.

ఇంటికి పంపిస్తామన్న రోజు పొద్దున్నే కూతురు నాకు ఫోన్ చేసింది. మాటలు తెలియడం లేదు, ఏడుస్తోంది. పోయేసరికి బక్రీ నీళ్ల మీద పక్కకు పడి తేలుతోంది. ఇసుకలో దూరేది ఇసుక మీదే పడుంది. గోషా బీబీ రాతి సందులోనే పోయింది. పువ్వు ముడుచుకుని గుడ్డపేలిక అయిపోయింది. జంటలో ఒకటి మాత్రం ఒక మూలన నోరు తెరిచి మూస్తూ ఉంది.

నేను ముందు నీళ్లు చల్లబరిచే నా మిషన్ చూశాను. చల్లగానే ఉంది. కింద అల్మారా తలుపులు తీశాను. గుప్పుమని సాంబ్రాణి వాసన. అక్కడే నురగ మిషన్ ఉంటుంది. అది గదిలోని గాలిని లోపలికి పీల్చి, నీళ్లలో బుడగలు కొట్టి, మురికిని నురగగా పైకి తీసి ఒక గిన్నెలో పోస్తుంది. ఆ గిన్నెలో నురగ నల్లగా, జిడ్డుగా ఉంది. పక్కనే ధూపం వేసే మట్టిపిడత, దాన్నిండా బూడిద.

తర్వాత పక్కింటామె చెబితే తెలిసింది. ఇంతమంది వచ్చి చూసిపోతుంటారు కదా, దిష్టి తగిలే ఆమెకు జబ్బు చేసిందని ఎవరో అన్నారట. ముందురోజు శుక్రవారం. ఈ పిల్ల నిప్పులు రాజేసి సాంబ్రాణి వేసి ఇల్లంతా పట్టించింది. తల్లికి ప్రాణమైన చేపలకు ఇంకా బాగా పట్టాలని పిడతను ఆ అల్మారాలోనే పెట్టి, పొగ వృథా పోకుండా తలుపులు కూడా మూసింది. మిషన్ ఆ పొగనంతా పీల్చి నీళ్లలోకి కొట్టింది. మా అమ్మ ఉన్నా అదే చేసేది. మా ఊళ్లో ఏ ఇంట్లోనైనా జబ్బు మనిషి ఉంటే అదే చేస్తారు.

నేను గిన్నె వాసన చూసి తలెత్తి పిల్ల ముఖం చూశాను. "చెప్పినట్లే మేత ఏసినా అన్నా. ఒక్క పూట గూడా తప్పలేదు. ఏమైంది వీటికి?" అంది. ఏమైందో చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో వాకిట్లో ఆటో ఆగింది.

కువైటామె డొక్క పట్టుకుని, గోడ ఆసరాతో లోపలికి వచ్చింది. పెట్టె వైపు చూసింది. తేలుతున్న పసుపుపచ్చని చూసింది. ముక్కుపుటాలు అదిరాయి, ఆ వాసన ఆమెకూ తగిలింది. తెరిచున్న తలుపులు, పిడత, నా చేతిలో గిన్నె, కూతురి ముఖం, అన్నీ వరసగా చూసింది. అప్పుడు, కూతురికి కనిపించకుండా నా వైపు తిరిగి, చూపుడువేలు కంటి కింద పెట్టుకుంది.

మరుక్షణం ఇల్లెగిరిపోయేట్టు అరిచింది. కూతురి మీద కాదు, కూతురి ముందర నా మీద.

"ఏందప్పా నీ మిషను! ఎన్నిసార్లు చెప్పినా, సరిగ్గా బిగీ అని! నీ చేతగాని పనికి నా చేపలన్నీ పోయె గదప్పా!"

నా ఒళ్లు భగ్గుమంది. నా మిషన్ చల్లగా, నిక్షేపంలా తిరుగుతోంది. నా ఇన్నేళ్ల పనిలో ఆ మాట ఎవరి చేతా అనిపించుకోలేదు. అయినా ఆ వేలు ఇంకా కంటి కిందే ఉంది. ఆ కన్ను నన్ను బతిమాలుతోంది.

"తప్పయిపోయిందక్కా" అన్నాను.

అప్పుడు ఆ పిల్ల నా మీదికి వచ్చింది. బిడ్డను చంకలో ఎగదోసుకుని, ఏడుస్తూనే: "మా అమ్మ సేపల్ని సంపితివి గదన్నా! మా అమ్మ ఎట్ల సాక్కుంటాంది వాటిని! మా అమ్మ ఇప్పుడు ఆస్పత్రి నుంచి వచ్చి ఇదా సూడాల్సింది?"

మా అమ్మ. అంతకుముందెప్పుడూ అనని మాట, కోపంలో ఊపిరి తిప్పుకోకుండా వరసగా అనేసింది. కువైటామె గోడకు చేరగిలబడి వింటోంది. 

పిల్ల టీ పెట్టడానికి లోపలికి పోయాక ఆమె బక్రీని చేతిలోకి తీసుకుంది. పసుపు రంగు అప్పటికే పాలిపోతోంది. దాన్ని నిమురుతూ, గొంతు బయటికి రాకుండా ఏడ్చింది.

"తెలీక చేసింది, చెప్తే పోయేది గదక్కా" అన్నాను మెల్లగా.

"చెప్తే మల్ల ఈ గడప తొక్కదప్పా. నీకు తెల్దు దాని సంగతి. కువైట్ నుంచి నేను పంపిందంతా మంచిదనే పంపినా. ఏదీ ఆ బిడ్డ ఒంటికి పట్టలేదు. ఇప్పుడు ఆ బిడ్డ మంచిదనుకోని పొగేసింది. ఇద్దరం సరిపాయె. నువ్వు మాత్రం ఎప్పుడూ అనొద్దు. ఒట్టెయ్యి."

ఒట్టేశాను. చేపలేవో పోతే పోయాయి, ఒక మాట పడితే నా సొమ్మేం పోయిందనుకున్నాను. అది ఒక్క మాటతో పోయే నింద కాదని తర్వాత కదా తెలిసింది! కూతురు ఆ తర్వాత వస్తూనే ఉంది. సెలవులకు పిల్లలతో వచ్చి ఉండేది. నేను ఎదురుపడితే చాలు, "ఏమన్నా, ఇంగా ఎవురి సేపల్ని సంపినావు?" అనేది. పులివెందుల ఆస్పత్రిలో ఏసీ కింద నిలబడి నలుగురిలోనూ అంది. నేను ఒకసారి కువైటామె దగ్గర గింజుకున్నాను. "ఎన్నాళ్లక్కా ఈ మోత?" ఆమె పళ్ల సందు కనిపించేలా నవ్వి, "మోసినదానికి కూలి ముడుతాందిలే" అంది. నిజమే. కూతురొచ్చిన ప్రతిసారీ మా ఇంటికి బిర్యానీ గిన్నె వచ్చేది. నా భార్యకు ఆ గిన్నె ఎందుకొస్తోందో ఈరోజుకీ తెలియదు.

కొత్త చేపలను ఆమె మళ్లీ తేలేదు. నీళ్లన్నీ మార్చి, రాళ్లు కడిగి, మిగిలిన ఆ నారింజ చేప ఒక్కదాన్నే సాకింది. ఎందుకు తేవని అడిగితే, "పిల్లోల్లు వస్తాండారు గదప్పా, తీరికేదీ?" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి.

పోయిన నెలలో గండికోటలో ఒక హోటల్ ఏసీలు విప్పుకుని కూర్చున్నప్పుడు కబురొచ్చింది. పొద్దున మేత వేసి కూర్చున్న మనిషి కూర్చున్నట్లే పోయిందట, గుండె ఆగి. కూతురు ఇంట్లోనే ఉందన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఇంటిదాకా బండి తోలుకుంటూ వచ్చాను.

శుక్రవారం ఫాతెహాకు పోయాను. నడింట్లో చాపలు పరిచారు. పెద్దవాళ్లు కూర్చున్నారు. పళ్లెంలో ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టారు. అద్దాల పెట్టె పక్కనే నేనూ కూర్చున్నాను. ఆ చేప ఒక్కటీ అటూ ఇటూ తిరుగుతోంది. కింద నురగ మిషన్ గురగురమంటోంది. అంతలో లోపలి నుంచి ఒకాయన నిప్పుల పిడత పట్టుకొచ్చాడు, సాంబ్రాణి పొడి చేతిలో ఉంది.

 ఏం చెప్పి ఆపాలి? పొగ వద్దంటే ఎందుకని అడుగుతారు. వేసిన ఒట్టు తప్పాలి. మిషన్ చెడిందని చెప్పి విప్పేద్దామని పానాల సంచి లాక్కుంటూ సగం లేచాను.

నా కంటే ముందే కూతురు లేచింది. అల్మారా తలుపు తీసి నురగ మిషన్ ప్లగ్గు పీకింది. తలుపు మళ్లీ మూసింది. తడిపి పిండి పెట్టుకున్న దుప్పటి ఒకటి తెచ్చి అద్దాల పెట్టె పైనుంచి కింది దాకా కప్పింది. అదే కువైట్ దుప్పటి. అంచులు సందు లేకుండా సర్దింది. ఈ నలభై నాళ్లలో ఆ చేతులకు అది అలవాటైన పనిలా ఉంది. అప్పుడు ఆయన వైపు చూసి, ఇక వెయ్యమన్నట్లు తల ఊపింది.

నేను సగం లేచినవాణ్ని అలాగే కూలబడ్డాను. పొగ లేచింది. దువా చదివారు. నాకు ఒక్క ముక్క చెవిన పడలేదు.

అందరూ భోజనాలకు పోయాక కూతురు పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఎప్పట్నుంచి తెలుసు బిడ్డా నీకు?"

"ఆ పొద్దే అన్నా. నువ్వు పోయినాక ఆ నురగ గిన్నె కడిగినా. ఎంత తోమినా సాంబ్రాణి వాసన పోదే! నీ మిషన్ చెడిపోతే సాంబ్రాణి వాసన యాడ నుంచి వస్తాది?"

"మరి ఇన్నేండ్లూ నన్ను తిడితివి గదమ్మా, నలుగుర్లో నిలబెట్టి?"

ఆమె దుప్పటి కప్పిన పెట్టె వైపు చూసింది. "తిట్టకపోతే, నాకు తెలుసని అమ్మకు తెలిసిపోతాది గదన్నా."

అంత పెద్దవాణ్ని, పళ్లెంలో చెయ్యి పెట్టి ఏడ్చాను. ఆమె నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. ఆ మాట చెవులారా వినాల్సిన మనిషి నలభై నాళ్ల కింద పోయింది.

పొగ కిటికీలోంచి పలచబడేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. తర్వాత ఆమె దుప్పటి తీసింది. చేప అద్దం దగ్గరికి వచ్చింది. ప్లగ్గు చేతిలో పట్టుకుని, నన్ను మొదటిసారి అడిగింది: "ఎయ్యొచ్చా అన్నా?"

"ఇంగా రోంత సేపు ఉండనీ" అన్నాను.